కొత్త గోల్ఫ్ డ్రైవర్ కొనేముందు పాత బ్యాగును కొలవండి

గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్. ఏటా కొత్త డ్రైవర్లు వస్తూనే ఉంటాయి. ప్రతిదాని మీదా ఒకటే మాట: పోయినేటి కంటే ఎక్కువ దూరం. ఆ మాటను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి 257 అనే ఒక్క అంకె గుర్తుంటే చాలు. డ్రైవర్ ఫేస్‌కి, అంటే బంతిని తాకే ముఖానికి, ఎంత స్ప్రింగు గుణం ఉందో చిన్న ఉక్కు లోలకంతో కొట్టి చూస్తారు. లోలకం ఫేస్‌ను తాకి ఉండే సమయం 239 మైక్రోసెకన్లకు మించకూడదు. కొలతలో వచ్చే తేడా కింద మరో 18 ఇచ్చారు, రెండూ కలిపి 257. గోల్ఫ్ నిబంధనలు రాసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు రెండూ పాటించే హద్దు ఇదే. 2008 నుంచి ఇది వృత్తిగా ఆడే టూర్ ఆటగాళ్లకే కాదు, సరదాగా ఆడేవాళ్లకూ వర్తిస్తోంది. అంటే ఫేస్ నడిమధ్యలో శుభ్రంగా తగిలిన బంతికి పదేళ్ల నాటి మంచి డ్రైవరూ, ఈ ఏటి డ్రైవరూ ఇచ్చే వేగంలో పెద్ద తేడా ఉండే వీలే లేదు. చట్టమే ఆ తలుపు మూసేసింది.

మరి ఇన్నేళ్లలో మారినది ఏమిటి? మధ్యలో తగలని బంతి గతి మారింది. 1979లో టేలర్‌మేడ్ కంపెనీ పర్సిమ్మన్ చెక్క స్థానంలో స్టీలు డ్రైవర్ తెచ్చింది. 1991లో క్యాలవే కంపెనీ డ్రైవర్ బిగ్ బర్తా 190 సీసీ హెడ్‌తో (తల భాగంతో) వచ్చినప్పుడు అదే భారీగా కనిపించింది. 1995లో టైటానియంతో 250 సీసీకి చేరింది. ఇప్పటి హద్దు 460 సీసీ. హెడ్ పెద్దదైన కొద్దీ బరువును అంచులకు, వెనక్కి నెట్టే వీలు దొరికింది. బరువు అంచుల్లో ఉంటే టో (హెడ్ బయటి కొస) వైపు తగిలినా, హీల్ (షాఫ్టు కలిసే కొస) వైపు తగిలినా హెడ్ అంతగా మెలి తిరగదు. ఈ గుణాన్నే ఎంఓఐ అంటారు. నిలువు ఇరుసు చుట్టూ దీనికి 5900 గ్రాము చదరపు సెంటీమీటర్లని హద్దు ఉంది. ఇప్పుడు కొన్ని డ్రైవర్ల మీద కనిపించే '10కె' ఆ హద్దును దాటిన అంకె కాదు. టో-హీల్ దిశలో ఉన్న ఎంఓఐకి పైకీ కిందకీ ఉన్న ఎంఓఐని కూడి చెప్పే మొత్తం అది. పైపెచ్చు బరువు బాగా వెనక్కి వెళ్లిన హెడ్ బంతిని ఎత్తుగా లేపుతుంది, బంతి వెనక్కి గిరగిరా తిరిగే స్పిన్ కూడా పెంచుతుంది. ఇప్పటికే బంతి గాల్లోకి లేచి ఉన్నచోటే పడుతోందని బాధపడేవాళ్లకు '10కె' మంచి మందు కాదు.

కాబట్టి 1990ల నాటి చిన్న హెడ్‌తో ఆడుతున్నవాళ్లు మార్చుకుంటే తేడా మొదటి రోజే తెలుస్తుంది. నాలుగైదేళ్ల క్రితంది ఉన్నవాళ్లకు మాత్రం కొత్త హెడ్‌తో కంటే సరైన లాఫ్టు (ఫేస్ వెనక్కి వాలిన కోణం), సరైన పొడవు, సరైన షాఫ్టు (క్లబ్బు కర్ర)తోనే ఎక్కువ లాభం. ఆ మూడూ సరిగ్గా కుదరాలంటే ముందు మీ స్వింగ్ అంకెలు మీకు తెలియాలి.

షాట్‌ను కొలిచే యంత్రం లాంచ్ మానిటర్ ముందు నిలబడినప్పుడు తెర మీద ఇరవై అంకెలు కనిపిస్తాయి. డ్రైవర్‌కి నాలుగు చాలు: క్లబ్ వేగం, బంతి వేగం, లాంచ్ కోణం (బంతి పైకి బయల్దేరే కోణం), స్పిన్. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చేది స్మాష్ ఫ్యాక్టర్, డ్రైవర్‌కి దాదాపు 1.50 గరిష్ఠం. గంటకు 90 మైళ్ల వేగంతో ఊపేవాళ్లకు బంతి వేగం 135 దాకా రావచ్చు. 126 వస్తోందంటే స్మాష్ 1.40. అక్కడ పోయిన 9 మైళ్లు, ఒక్కో మైలుకు సుమారు 2 గజాల చొప్పున, 18 గజాలు. కొత్త క్లబ్ కొంటే వస్తాయని ఆశపడే దూరం కంటే ఇదే ఎక్కువ. అది ఫేస్ మీద బంతి ఎక్కడ తగులుతోందన్న దాంట్లోనే ఉంది.

అది చూడటానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పాదాలకు వాడే పౌడర్ స్ప్రేని ఫేస్ మీద పల్చగా కొట్టండి. బంతి తగిలిన ప్రతిసారీ తెల్లటి పొర మీద గుండ్రటి మచ్చ పడుతుంది. తుడవకుండా అయిదు బంతులు కొట్టి మచ్చల గుంపు ఎటు ఉందో చూడండి, తర్వాత తుడిచి మళ్లీ కొట్టండి. కుడిచేతి ఆటగాడికి హీల్ వైపు తగిలిన బంతి కుడికి వంగే స్పిన్ అందుకుంటుంది, టో వైపు తగిలినది ఎడమకు. ఫేస్ పైభాగాన తగిలితే లాంచ్ పెరిగి స్పిన్ తగ్గుతుంది. కింద తగిలితే బంతి తక్కువ ఎత్తులో బయల్దేరి, స్పిన్ ఎక్కువై, దూరం పోతుంది. మచ్చలన్నీ కిందే పడుతుంటే బంతిని నిలబెట్టే టీని కాస్త ఎత్తు చేసి చూడాలి, అందుకు రూపాయి ఖర్చు లేదు. హీల్ నుంచి టో దాకా చెల్లాచెదురుగా పడుతుంటే షాఫ్టు పొడవును అనుమానించాలి.

ఇప్పుడు అమ్ముతున్న డ్రైవర్లు చాలావరకు 45.5 అంగుళాలు, ఆపైన. స్టీలు షాఫ్టుల రోజుల్లో 43, 43.5 ఉండేవి. పొడవు పెరిగితే హెడ్ వేగం కొద్దిగా పెరుగుతుంది, మధ్యలో తగిలే అవకాశం మాత్రం తగ్గుతుంది. షాఫ్టు కోయించే ముందు గ్రిప్పు (పిడి) మీద ఒక అంగుళం కిందకు పట్టుకుని పది బంతులు కొట్టండి. మచ్చలు దగ్గరపడి, సగటు దూరం అలాగే ఉంటే కోయించడం మంచిదే. కోసేటప్పుడు ఒక లెక్క మరవకూడదు: అర అంగుళం తగ్గితే స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు హెడ్ చేతికి ఎంత బరువుగా తెలుస్తుందో చెప్పే కొలత, మూడు పాయింట్లు పడిపోతుంది. చేతికి హెడ్ ఉన్నట్టే తెలియదు. హెడ్ బరువు 2 గ్రాములు పెంచితే ఒక పాయింటు తిరిగి వస్తుంది, కాబట్టి 6 గ్రాముల వరకు చేర్చాలి. హెడ్‌కి మార్చుకునే మరలు ఉంటే బరువైన మర వేస్తే సరి. లేకపోతే సోల్ (హెడ్ అడుగు) మీద సీసం టేపు అంటించాలి. పొడవు తగ్గించి బరువు చేర్చకుండా వదిలేసి, తర్వాత టైమింగ్ పోయిందని మళ్లీ కొత్త క్లబ్బు వెతుక్కునేవాళ్లు చాలామంది.

లాఫ్టు విషయంలో జరిగే పొరపాటు ఇంకా మామూలు. టూర్ ఆటగాళ్లు 9 డిగ్రీలు వాడతారని అదే కొంటారు. గంటకు 85, 90 మైళ్ల వేగంతో, బంతిని సమాంతరంగా తాకేవారికి లాంచ్ 14 డిగ్రీలకు అటూ ఇటూ, స్పిన్ 2500 నుంచి 3000 మధ్య ఉండాలి. 9 డిగ్రీల హెడ్‌తో అది రావడం కష్టం. 10.5, అవసరమైతే 12 డిగ్రీలు వాళ్లకు ఎక్కువ దూరం ఇస్తాయి. లాఫ్టు పెరిగితే పక్కకు వంగడం కూడా తగ్గుతుంది. హోజెల్ (షాఫ్టు హెడ్‌లోకి దిగే గొట్టం) దగ్గర తిప్పే స్లీవు ఉన్న డ్రైవర్లలో లాఫ్టు పెంచితే నేల మీద ఆనించినప్పుడు ఫేస్ కాస్త మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. స్లైస్‌తో (బంతి కుడికి బాగా వంగిపోవడంతో) అవస్థపడేవాళ్లు లాఫ్టు తగ్గించారంటే నిప్పులో నెయ్యి పోసినట్టే. మర బిగించేటప్పుడు క్లబ్బుతో ఇచ్చిన రెంచినే వాడాలి, టిక్కుమన్న శబ్దం రాగానే ఆపాలి. వదులుగా వదిలితే స్లీవు కదిలి అరిగిపోతుంది. బలంగా బిగిస్తే మర విరుగుతుంది. మరొకటి, కొన్ని స్లీవుల్లో సెట్టింగు మారిస్తే షాఫ్టు కూడా తిరుగుతుంది. అడుగున గీత ఉన్న గ్రిప్పు ఉంటే ఆ గీత వేళ్లకింద వేరే చోటికి పోతుంది. అలాంటి క్లబ్బుకు పూర్తి గుండ్రటి గ్రిప్పే వేయించాలి.

కొత్తదాన్నీ పాతదాన్నీ పోల్చి చూసేటప్పుడు న్యాయంగా పోల్చాలి. ఒకే రోజు, ఒకే బంతితో, అయిదు పాతదానితో, అయిదు కొత్తదానితో, మళ్లీ మార్చి అయిదేసి. సాధన మైదానంలో ఇచ్చే రేంజి బంతులు తక్కువ దూరం పోతాయి, స్పిన్ కూడా నిలకడగా ఉండదు. అందుకే మీరు కోర్సులో ఆడే బంతినే వాడండి. పది కొట్టాక రెండు ఘోరమైనవి తీసేసి, మిగిలిన ఎనిమిదికి గాలిలో పోయిన దూరం సగటు చూడండి, ఎడమ కుడి తేడా చూడండి. ఆ ఒక్క పొడవైన షాట్ మాత్రం పక్కన పెట్టేయండి. అమ్మకాలన్నీ జరిగేది దాన్ని చూసే, కానీ కోర్సులో అది పదికోసారి కూడా పడదు.

ఇక ఐరన్ల (నంబర్ల వారీగా వచ్చే పల్చటి లోహపు హెడ్ క్లబ్బుల) దగ్గరికి వస్తే, టెక్నాలజీ ఎక్కువగా తికమక పెట్టింది ఇక్కడే. క్లబ్బు అడుగున ఉన్న నంబరు ఇప్పుడు దాదాపు అర్థంలేని అంకె. పాత పద్ధతి సెట్లో 7 ఐరన్ లాఫ్టు 34, 35 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు ఆటను తేలిక చేసే రకం సెట్లలో 28 నుంచి 30. అంటే కొత్త 7 ఐరన్‌తో పది గజాలు ఎక్కువ కొట్టినవాళ్లు నిజానికి పాత లెక్క ప్రకారం 6 ఐరన్ లేదా అంతకంటే గట్టిది పట్టుకుని కొట్టారు. ఇందులో పూర్తిగా మోసం లేదు. ఫేస్ పల్చనై, బరువు కిందకు దిగి, తక్కువ లాఫ్టుతోనూ బంతి పైకి లేస్తుంది. చిక్కు ఏమిటంటే స్పిన్ పడిపోతుంది. ఐరన్ నంబరును వెయ్యితో గుణిస్తే వచ్చేంత స్పిన్ ఉండాలని పాత లెక్క, 7 ఐరన్‌కి 7000. కొత్తరకంతో 5000 దరిదాపుల్లో చూసి దూరానికి సంబరపడితే, బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద పడి వెనకవైపు నుంచి దిగిపోతుంది. కాబట్టి ఐరన్ కొనేటప్పుడు దిగే కోణాన్ని తప్పక చూడాలి. 45 డిగ్రీలకు తగ్గకుండా దిగితేనే బంతి ఆగుతుంది. పది గజాలు తక్కువ పోయి 48 డిగ్రీల్లో దిగే ఐరన్, పది గజాలు ఎక్కువ పోయి 41 డిగ్రీల్లో దిగేదాని కంటే నిస్సందేహంగా మంచిది. ఐరన్ ఉన్నది గురి కోసం. దూరం కావాలంటే పైనున్న క్లబ్బు తీసుకుంటే పోతుంది.

నంబర్లు ఇలా జరిగాక సెట్టు రెండు కొసల్లోనూ చిరుగులు పడతాయి. కింది కొస చూడండి. అక్కడుండేవి వెడ్జిలు, దగ్గరి దూరాలకు వాడే ఎక్కువ లాఫ్టు క్లబ్బులు. కొత్త సెట్లో పిచింగ్ వెడ్జి 43 డిగ్రీలు. బ్యాగులో పాత శాండ్ వెడ్జి 56 ఉంటుంది. మధ్యలో 13 డిగ్రీలు. నాలుగు డిగ్రీలకు సుమారు 10, 12 గజాల తేడా అనుకుంటే, వంద గజాల లోపల ఎక్కడో 35 గజాల గొయ్యి. ఏ క్లబ్బుతోనూ పూర్తి స్వింగ్ చేయలేని దూరాలన్నీ అందులోనే పడతాయి. స్కోరు ఎక్కువగా పోయేదీ అక్కడే. ఐరన్లు మార్చుకుని వెడ్జిలు మార్చుకోనివాళ్లకు చాలామందికి ఇదే జరుగుతుంది, కారణం మాత్రం తెలియదు. 43 తర్వాత 48, 53, 58 పెట్టుకుంటే ఆ గొయ్యి పూడుతుంది.

పై కొసలో తలకిందుల సమస్య. కొత్త సెట్లో 5 ఐరన్ 21, 22 డిగ్రీలు. పాత రోజుల్లో అది 3 ఐరన్ లాఫ్టు, మంచి ఆటగాళ్లు కూడా భయపడిన క్లబ్బు. డ్రైవర్ వేగం 90 మైళ్ల లోపు ఉన్నవాళ్లకు అది తగినంత లేవదు. తేల్చుకోవడం సులువు: 5, 6 ఐరన్లతో పదేసి కొట్టి గాలి దూరాల సగటు చూడండి. తేడా 7, 8 గజాలు కూడా లేదంటే 5 ఐరన్ బ్యాగులో బరువే తప్ప పనికిరాదు. ఆ స్థానంలో హైబ్రిడ్ (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్యరకం) గానీ, డ్రైవర్ లాంటి చిన్న హెడ్ ఉన్న 21 డిగ్రీల 7 వుడ్ గానీ పెట్టండి. 7 వుడ్‌ని చిన్నచూపు చూసే రోజులు పోయాయి, టూర్‌లో కూడా వాడుతున్నారు. అది ఎత్తునుంచి నిటారుగా దిగుతుంది.

ఇప్పుడు లెక్కపెట్టండి. డ్రైవర్, 3 వుడ్, 7 వుడ్, ఒక హైబ్రిడ్, 6 నుంచి 9 వరకు నాలుగు ఐరన్లు, పిచింగ్ వెడ్జి, 48, 53, 58, పటర్. పదమూడు. నిబంధన పద్నాలుగు వరకు ఒప్పుకుంటుంది. ఆ పద్నాలుగో చోటును ఖాళీగా ఉంచి నెల రోజులు ఆడితే, ఏ దూరం దగ్గర చేయి తడబడుతోందో కోర్సే చెబుతుంది.

అన్నట్టు ఐరన్ సరిచూసేటప్పుడు మ్యాటు మీద కొట్టిన ఫలితాన్ని పూర్తిగా నమ్మకండి. బంతికి ముందు నేలను తాకినా మ్యాటు మీద సోల్ జారుతూ వెళ్లి బంతిని బాగానే కొడుతుంది. గడ్డి మీద అయితే అదే స్వింగ్‌కి మట్టి పెళ్ల లేచి బంతి ఇరవై గజాల ముందే పడుతుంది. వెడల్పైన సోల్ ఉన్న ఐరన్‌కీ సన్నటి సోల్‌కీ అసలు తేడా గడ్డి మీదే బయటపడుతుంది.

లై కోణం గురించి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు తెచ్చేది అదే, చాలామంది పట్టించుకోనిదీ అదే. నేలకు షాఫ్టు ఏ వాలున నిలబడుతుందన్నది లై. బంతి తగిలే క్షణంలో టో గాల్లోకి లేచి ఉంటే, కుడిచేతి ఆటగాడి ఫేస్ ఎడమకు చూస్తుంది. హీల్ లేచి ఉంటే కుడికి. లాఫ్టు ఎక్కువున్న క్లబ్బుల్లో ఈ ప్రభావం మరీ ఎక్కువ. 9 ఐరన్, వెడ్జిలు మాత్రం ఎప్పుడూ ఎడమకే పోతున్నాయంటే చాలాసార్లు తప్పు స్వింగ్‌ది కాదు.

పరీక్ష ఇలా చేయండి. లావు మార్కర్‌తో బంతి మీద ముదురుగా ఒక గీత గీయండి. ఆ గీత ఫేస్ వైపు, నేలకు నిట్టనిలువుగా ఉండేలా బంతిని పెట్టండి. ఫేస్‌ను పొడిగా తుడవండి. 7 ఐరన్‌తో మామూలుగా కొట్టండి. సిరా ఫేస్ మీద అచ్చుగా పడుతుంది. ఆ గీత గ్రూవులకు (ఫేస్ మీది అడ్డగాళ్లకు) సరిగ్గా లంబంగా ఉంటే లై కుదిరినట్టే. గీత పై కొస టో వైపు వాలి ఉంటే క్లబ్బు మరీ నిటారుగా ఉంది. హీల్ వైపు వాలితే మరీ పడుకుని ఉంది. అయిదారు బంతులు కొట్టి వాలు ఒకేలా వస్తేనే నమ్మాలి, ఒక్కదాన్ని చూసి వంచేయకూడదు. తడి బంతి మీద సిరా పాకిపోతుంది, పొడి బంతే వాడండి. షాఫ్టు పొడవు మార్చే ఆలోచన ఉంటే అది ముందు తేల్చుకోవాలి. అర అంగుళం పొడవు పెరిగితే లై సుమారు ఒక డిగ్రీ నిటారైనట్టు పనిచేస్తుంది. పొడవు తర్వాతే లై.

వంచడం క్లబ్బులు సరిచేసే ఫిట్టర్ దగ్గరుండే బిగింపు యంత్రం మీదే జరగాలి. మెత్తటి కార్బన్ స్టీలుతో ఫోర్జ్ చేసిన ఐరన్లు రెండు డిగ్రీల వరకు నిశ్చింతగా వంగుతాయి. పోత పోసిన గట్టి స్టెయిన్‌లెస్ స్టీలైతే ఒక డిగ్రీ దాటాక జాగ్రత్త, హోజెల్ దగ్గర పగిలే ప్రమాదం ఉంది. లోపల డొల్లగా ఉండే కొత్తరకం హెడ్‌లను తయారీదారు ఒప్పుకుంటేనే ముట్టుకోవాలి. లాఫ్టు కూడా అదే యంత్రం మీద మార్చవచ్చు. కానీ వెడ్జి లాఫ్టు ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ కూడా ఒక డిగ్రీ తగ్గుతుంది. 56 డిగ్రీలకు 10 బౌన్స్ ఉన్న వెడ్జిని 53 చేస్తే బౌన్స్ 7 మిగులుతుంది. మెత్తటి ఇసుకలో బాగా పనిచేసిన క్లబ్బు అకస్మాత్తుగా కూరుకుపోవడం మొదలుపెడుతుంది.

బౌన్స్ అంటే సోల్ వెనక అంచు ముందంచు కంటే ఎంత కిందకు వేలాడుతోందో చెప్పే కోణం. 6 డిగ్రీల లోపు తక్కువ, 7 నుంచి 10 మధ్యస్థం, ఆపైన ఎక్కువ. మీ డివాట్లు (క్లబ్బు తగిలి లేచే గడ్డి పెళ్లలు) లోతుగా, పలకల్లా లేస్తుంటే, నేల మెత్తగా, బంకర్ ఇసుక లోతుగా ఉంటే ఎక్కువ బౌన్స్. గడ్డిని గీసినట్టు మాత్రమే తాకేవాళ్లకు, గట్టి నేలకు తక్కువ. శాండ్ వెడ్జికి ఎక్కువ, లాబ్ వెడ్జికి తక్కువ పెట్టుకుంటే రెండు రకాల నేలకూ ఒక మందు చేతిలో ఉంటుంది.

బ్యాగులో నిజంగా అరిగిపోయేవి వెడ్జిలే. గ్రూవుల అంచులు మొద్దుబారితే పొడి గడ్డి మీద తేడా అంతగా తెలియదు. తడి గడ్డిలో, పొడవు గడ్డి ఉండే రఫ్‌లో బంతి ఫేస్ మీద పైకి జారిపోతుంది, ఎత్తుగా లేస్తుంది, స్పిన్ లేకుండా పడి దొర్లుతుంది. గోరును గ్రూవు అంచుకు అడ్డంగా లాగి చూడండి, పట్టుకోకుండా జారుతోందంటే కాలం తీరినట్టే. వారానికి రెండుసార్లు ఆడి, బంకర్ సాధన కూడా చేసేవాళ్లకు శాండ్ వెడ్జి ఏడాదిన్నరకు మించి నిలవదు. గ్రూవులను మళ్లీ చెక్కే పనిముట్లు దొరుకుతున్నాయి, వాటిని పోటీ క్లబ్బుల మీద వాడకండి. 2010 నుంచి గ్రూవుల అంచు పదునుకు, పరిమాణానికి కఠినమైన కొలతలున్నాయి. చేత్తో గీసినది ఆ కొలతల్లో ఉంటుందన్న హామీ లేదు.

షాఫ్టు ఎంపికలో అందరూ అది ఎంత వంగుతుందో చెప్పే ఫ్లెక్స్ అక్షరం దగ్గర మొదలుపెడతారు. ఆర్, ఎస్, ఎక్స్ అన్న అక్షరాలకు పరిశ్రమ మొత్తానికి ఒకే కొలమానం లేదు. ఒక కంపెనీ ఆర్ మరో కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉండవచ్చు. డ్రైవర్ వేగం 85 నుంచి 95 మైళ్ల వరకు ఆర్, 95 నుంచి 105 వరకు ఎస్ అనేది మొదలుపెట్టడానికి పనికొచ్చే గుర్తు మాత్రమే. బరువు దగ్గర మొదలుపెట్టండి. డ్రైవర్ షాఫ్టు 60 గ్రాములుంటే, ఫెయిర్‌వే వుడ్ 70, హైబ్రిడ్ 80, ఐరన్లు 95 నుంచి 105, ఇలా పొడవు తగ్గేకొద్దీ బరువు మెట్లుమెట్లుగా పెరగాలి. 120 గ్రాముల స్టీలు ఐరన్ల మధ్య 55 గ్రాముల హైబ్రిడ్ ఉంటే అది ప్రతిసారీ ఎడమకు లాగుతుంది, తప్పు హెడ్‌ది అనుకుని హెడ్ మారుస్తారు.

షాఫ్టు మార్పిడి ఇంట్లో చేయాలనుకుంటే ముందు హోజెల్ కొలత చూడండి. ఐరన్లలో 0.355 అంగుళాల కొనదేలినవీ, 0.370 అంగుళాల సమాన మందం గలవీ రెండు రకాలు. డ్రైవర్లకు ఎక్కువగా 0.335. గ్రాఫైట్ షాఫ్టు ఊడదీసేటప్పుడు మెలితిప్పకూడదు. హోజెల్‌ను వేడిచేసి, పుల్లర్‌తో తిన్నగా లాగాలి. మెలితిప్పితే పోగులు విడిపోతాయి, పైకి బాగానే కనిపించి పది రౌండ్ల తర్వాత విరుగుతుంది. కొత్తదాని కొన మీద రంగు మాత్రమే గీకాలి, పోగుల దాకా వెళ్లకూడదు. ఎపాక్సీ జిగురు పెట్టాక 24 గంటలు ముట్టుకోకండి.

గ్రిప్పుల సంగతి ఇంట్లోనే తేలిపోతుంది. పట్టుకున్నప్పుడు ఎడమచేతి మధ్య రెండు వేళ్ల కొసలు అరచేతిని తాకీ తాకనట్టుండాలి. వేళ్లు అరచేతిలోకి గుచ్చుకుంటే సన్నం, ఎడం ఉంటే లావు. కింద వేసే ఒక్కో టేపు పొర మందాన్ని అంగుళంలో 64వ వంతు పెంచుతుంది. పాత గ్రిప్పును కొక్కెం బ్లేడుతో మీ నుంచి అవతలికి కోయండి. మామూలు బ్లేడు గ్రాఫైట్‌లోకి దిగిపోతుంది. పాత టేపు పూర్తిగా గీకేయాలి, చిన్న ముక్క మిగిలినా వేలికింద గడ్డలా తగులుతుంది. రెండు అంగుళాల వెడల్పు రెండువైపుల జిగురు టేపు చుట్టి, పైన అర అంగుళం వదిలి ఆ కొసను షాఫ్టు గొట్టంలోకి మడవండి. గ్రిప్పు కొస రంధ్రం వేలితో మూసి, సాల్వెంట్ పోసి, ఊపి, అదే ద్రావకాన్ని టేపు అంతటా ఒంపండి. గ్రిప్పు నోరు నొక్కి తెరిచి ఒక్క ఊపులో కొస దాకా తొయ్యాలి. సగంలో ఆగి ఆలోచిస్తే అక్కడే పట్టేస్తుంది. అలా జరిగేది దాదాపు ఎప్పుడూ సాల్వెంట్ పొదుపు చేసినప్పుడే. గుర్తులను ఫేస్‌తో సరిచూసుకోవడానికి అరనిమిషం దొరుకుతుంది. రాత్రంతా ఆరనివ్వండి. కొత్త గ్రిప్పు పాతదాని కంటే 4, 5 గ్రాములు బరువెక్కువైతే స్వింగ్ వెయిట్ ఒక పాయింటు తగ్గుతుంది, ఆ లెక్క గుర్తుంచుకోండి.

గ్రీన్ మీద బంతిని దొర్లించే పటర్‌లో నిలకడగా పట్టించుకోవాల్సింది పొడవు. మామూలుగా వంగి నిలబడితే కళ్లు బంతి మీదకు, లేదా కొద్దిగా లోపలికి రావాలి. ఎత్తు సగటుగా ఉన్నవాళ్లకు 35 అంగుళాలు తరచూ ఎక్కువే, 33 లేదా 34 ప్రయత్నించండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనడం నిజంగా మంచి దారి. రెండేళ్ల క్రితం డ్రైవర్ మీద ఉన్న హద్దే కొత్తదాని మీదా ఉంది. ఫేస్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టి వెంట్రుక లాంటి పగుళ్లు వెతకండి, ముఖ్యంగా ఫేస్ పై అంచు కలిసే చోట. చెవి దగ్గర ఊపండి, లోపల గలగల అంటే జిగురు ముక్క ఊడింది. టైటానియం అని చెప్పిన ఫేస్‌కు అయస్కాంతం అంటుకుంటే నకిలీ. ఐరన్లైతే సోల్ మీద అరుగుదల చూడండి. మచ్చ టో వైపే ఉంటే పాత యజమానికి లై కుదరలేదు, మీకు కుదరవచ్చు, ఎలాగూ కొలవాల్సిందే. సెట్టులో ఒక్క షాఫ్టు మార్చి ఉందేమో షాఫ్టుల మీది పేరు బ్యాండ్లు పోల్చి చూడండి.

పోటీల్లో ఆడేవాళ్లు డ్రైవర్ హెడ్ పేరు, లాఫ్టు ఆమోదిత జాబితాలో ఉందో లేదో సరిచూసుకోవాలి. కొన్ని పోటీల్లో పటర్ మినహా పొడవు 46 అంగుళాలకు కుదించే స్థానిక నియమం ఉంటుంది, అది 2022 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగుకు మించి క్లబ్బులుంటే మొత్తం స్ట్రోకులు లెక్కించే స్ట్రోక్ ప్లేలో ఒక్కో హోల్‌కి రెండు స్ట్రోకుల జరిమానా, గరిష్ఠంగా నాలుగు. రౌండు మధ్యలో స్లీవు సెట్టింగు మార్చి ఆ క్లబ్బుతో కొట్టారంటే పోటీ నుంచే తొలగిస్తారు. మర వదులైతే మాత్రం పాత స్థానంలోనే బిగించుకోవచ్చు.

కొత్త సెట్టు వచ్చిన రోజే ప్రతి ఐరన్, వెడ్జి లాఫ్టు, లై కొలిపించి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పెట్టె మీద ముద్రించిన అంకెకు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండటం అరుదేమీ కాదు. రెండు పక్కపక్క క్లబ్బులు ఎదురెదురుగా తప్పితే నాలుగు డిగ్రీల అంతరం రెండుకు తగ్గిపోతుంది. మెత్తటి ఫోర్జ్‌డ్ హెడ్‌లు మ్యాట్ల మీద కొట్టీ కొట్టీ ఏడాదిలో వంగుతాయి కూడా. ఏడాదికోసారి అదే యంత్రం మీద మళ్లీ కొలిపించి, పాత కాగితం పక్కన కొత్త అంకెలు రాయండి.